రెండో చెవికి ఇంప్లాంటా, హియరింగ్ ఎయిడా? శ్రుతి తెలియాలంటే ఏది ఎంచుకోవాలి

ఒక చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్‌తో లోపలి చెవిలో అమర్చి, వినికిడి నరాలకు నేరుగా కరెంటు పంపే పరికరం) అయ్యాక, ఏడాదికో రెండేళ్లకో దాదాపు ప్రతి ఇంట్లో ఒకే చర్చ మొదలవుతుంది. రెండో చెవికి కూడా ఆపరేషన్ చేయిద్దామా, హియరింగ్ ఎయిడ్‌తో నడిపిద్దామా? అప్పుడు అందరూ అడిగేది మాటల గురించే. క్లాసులో టీచరు చెప్పేది అందుతుందా, పెళ్లి పందిట్లో అంత గోలలో పిలిస్తే తెలుస్తుందా అని. అడగాల్సిందే. కానీ నా దగ్గరికి మ్యాపింగ్‌కి, అంటే ఇంప్లాంట్ సెట్టింగులు సరిచేయించుకోవడానికి, వచ్చేవాళ్లలో చాలామంది పిచ్ గురించి, అంటే స్వరం హెచ్చుతగ్గుల గురించి, ఆపరేషన్ అయిపోయాక అడుగుతారు. "మాటలు బాగానే అర్థమవుతున్నాయి మేడం, పాట మాత్రం పాటలా లేదు" అంటారు. "అమ్మ గొంతూ పిన్ని గొంతూ ఒకేలా ఉన్నాయట" అంటారు. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే, ఏ దారి పట్టినా కళ్లు తెరుచుకుని పట్టేవాళ్లు కదా అనిపిస్తుంది నాకు. అందుకే ఆడియాలజిస్టుగా నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. పిచ్ ఒక్కటే చూసుకుంటే, రెండో ఇంప్లాంట్ పెట్టినంత మాత్రాన శ్రుతిజ్ఞానం రెట్టింపు కాదు. రెండో చెవిలో 500 హెర్ట్జ్ లోపు తగ్గు ధ్వనుల వినికిడి కాస్తయినా పనికొచ్చేలా మిగిలి ఉంటే, ఆ చెవికి సరిగ్గా అమర్చిన హియరింగ్ ఎయిడ్ ఏ ఇంప్లాంటూ ఇవ్వలేనిదాన్ని ఇస్తుంది. అక్కడ ఏమీ మిగలకపోతే మాత్రం రెండో ఇంప్లాంట్‌ని వాయిదా వేయకండి, ముఖ్యంగా చిన్నపిల్లల విషయంలో. ఇప్పటికే రెండు చెవులకూ ఇంప్లాంట్లు ఉంటే, రెండిటినీ విడివిడిగా సరిచేసి వదిలేయకుండా ఒకదానితో ఒకటి పోల్చి మ్యాపింగ్ చేయమని అడగండి. ఎందుకలా అంటున్నానో ఇక చెబుతాను.

ఇంప్లాంట్‌లో పిచ్ ఎలా తయారవుతుంది

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియా విప్పి చూస్తే సుమారు 35 మిల్లీమీటర్ల పొడవుంటుంది. మొదట్లో హెచ్చు ధ్వనులు, చిట్టచివర చుట్టలో తగ్గు ధ్వనులు పలుకుతాయి. మామూలు చెవిలో ఈ దారి పొడవునా దాదాపు 3,500 లోపలి వెంట్రుక కణాలు ఉంటాయి. ఇంప్లాంట్‌లో ఆ పని చేసేది కంపెనీని బట్టి 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు. మెడ్-ఎల్‌లో 12, అడ్వాన్స్‌డ్ బయోనిక్స్‌లో 16, కాక్లియర్ కంపెనీ న్యూక్లియస్‌లో 22. పైగా ఒక్కో ఎలక్ట్రోడ్ నుంచి వెళ్లే కరెంటు ఎదురుగా ఉన్న నరాలకే కాకుండా పక్కవాటికీ పాకుతుంది. కాబట్టి 22 ఉన్నాయి కదా అని 22 వేర్వేరు స్వరాలు విడివిడిగా వినిపిస్తాయనుకోకూడదు.

మామూలు చెవికి పిచ్ రెండు రకాలుగా తెలుస్తుంది. ఏ చోటి నరాలు కదిలాయి అన్నది ఒకటి, ఆ నరాలు సెకనుకు ఎన్నిసార్లు మోగాయి అన్నది రెండోది. ఇంప్లాంట్‌లో మొదటిది మొరటుగా అందుతుంది. రెండోది చాలావరకు పోతుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న సిగ్నల్ పద్ధతుల్లో ఎక్కువ వాటికి మూలం 1991లో బ్లేక్ విల్సన్ బృందం ప్రకటించిన పద్ధతే. అది ధ్వనిని తగ్గు నుంచి హెచ్చు దాకా పట్టీలుగా విడగొట్టి, ఒక్కో పట్టీలో శబ్దం ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అన్నది మాత్రమే తీసుకుంటుంది. లోపలి సన్నని కంపనాలను వదిలేసి, స్థిరమైన వేగంతో కరెంటు పల్సులు పంపుతుంది. మాటలు అర్థం కావడానికి అది చాలు. లక్షల మంది మాట వినగలుగుతున్నది దానివల్లే. గ్రేమ్ క్లార్క్, ఇంగెబోర్గ్ హోఖ్‌మైర్‌లతో కలిపి విల్సన్‌కి 2013లో లాస్కర్ అవార్డు ఇచ్చిందీ అందుకే. కానీ స్వరం ఆ వదిలేసిన కంపనాల్లోనే ఉంది.

పోనీ పల్సుల వేగం మార్చి పిచ్ చూపిద్దామంటే, చాలామందికి సెకనుకు 300 పల్సులు దాటాక ఎంత పెంచినా పిచ్ పెరిగినట్టే అనిపించదు.

ఇదంతా పాటకి ఎలా తగులుతుందో ఒక్క ఉదాహరణతో చూద్దాం. అమ్మాయిలు ఐదో శ్రుతిలో పాడుతున్నారనుకోండి. ఆధార షడ్జం సుమారు 196 హెర్ట్జ్. మాయామాళవగౌళ రాగంలో స 196, రి 209, గ 245, మ 261, ప 294, ద 314, ని 367, పై స 392. న్యూక్లియస్ మామూలు అమరికలో అన్నిటికన్నా లోపల ఉండే మొదటి ఎలక్ట్రోడ్‌కి వచ్చే పట్టీ 188 నుంచి 313 హెర్ట్జ్ వరకు, రెండోదానికి 313 నుంచి 438 వరకు. అంటే స, రి, గ, మ, ప అయిదింటి మూల ధ్వనీ ఒకే ఎలక్ట్రోడ్ వాటాలో పడింది. ద, ని, పై స మూడూ దాని పక్క ఎలక్ట్రోడ్‌లో. ఒక పూర్తి స్థాయికి, అంటే స నుంచి పై స దాకా, రెండు ఎలక్ట్రోడ్లు! ఒకటో శ్రుతిలో పాడే మగవాళ్లయితే వాళ్ల 'స' 131 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అది ఆ పట్టీల పరిధిలోకే రాదు. మరి ఎలా వింటున్నారంటే, ప్రతి స్వరంతో పాటు దానికి రెట్టింపు, మూడింతలు వేగంతో మోగే అనుస్వరాలు పై ఎలక్ట్రోడ్లలో పడతాయి, వాటి కదలిక నుంచి మెదడు కొంత ఊహిస్తుంది. పట్టీ లోపల శబ్దం ఎగిసిపడే లయలోనూ కొంత ఆచూకీ దొరుకుతుంది. అంత తక్కువ సమాచారంతో ఆ మాత్రం వినగలగడం నాకు ఇప్పటికీ గొప్పగానే అనిపిస్తుంది.

అందుకే మనిషికీ మనిషికీ తేడా విపరీతం. మామూలు చెవి ఒక స్వరస్థానం కన్నా, అంటే సెమిటోన్ కన్నా, చాలా చిన్న తేడాను పట్టేస్తుంది. ఇంప్లాంట్ వాడేవాళ్లలో కొందరు ఒక్క సెమిటోన్ తేడా గుర్తిస్తారు, కొందరికి నాలుగైదు కావాలి, కొందరికి స్థాయి మొత్తం మారితే గానీ తెలియదు.

రెండు ఇంప్లాంట్లు ఉన్నప్పుడు అదనంగా వచ్చే చిక్కు

రెండు చెవుల్లోనూ ఎలక్ట్రోడ్ తీగ ఒకే లోతుకి వెళ్లాలని లేదు. ఆపరేషన్లు వేర్వేరు ఏళ్లలో జరిగి ఉండొచ్చు, మోడళ్లు వేరై ఉండొచ్చు, ఒక చెవిలో నరాలు ఎక్కువగా మిగిలి ఉండొచ్చు. తీగ ఒకవైపు రెండు మిల్లీమీటర్లు తక్కువ లోతుకి వెళ్లినా, రెండు వైపులా 'మొదటి ఎలక్ట్రోడ్' తాకే చోట్లు వేరవుతాయి. సాఫ్ట్‌వేర్ మాత్రం రెండిటికీ అదే 188–313 పట్టీ ఇస్తుంది. ఫలితం, ఒకే మీట నొక్కితే ఎడమ చెవిలో ఒక పిచ్, కుడి చెవిలో ఇంకో పిచ్. వేర్వేరు శ్రుతుల్లో ఉన్న రెండు హార్మోనియాలను ఒకేసారి వాయించినట్టు.

మరి వినేవాళ్లకి అది రెండు శబ్దాలుగా తెలుస్తుందా? చాలామందికి తెలియదు. అమెరికాలోని ఒరెగాన్‌లో లీనా రైస్ బృందం చేసిన పరిశోధనల్లో తేలిన ముఖ్యమైన సంగతి ఇది. వినికిడి లోపం ఉన్నవాళ్లలో, ఇంప్లాంట్లు వాడేవాళ్లలో, రెండు చెవుల్లో బాగా తేడా ఉన్న పిచ్‌లు కూడా కలిసిపోయి ఒకే శబ్దంగా వినిపించవచ్చు. కొందరిలో మూడు నాలుగు స్థాయిల తేడా ఉన్నా కలిసిపోతాయి. అలా కలిసినప్పుడు వినిపించే పిచ్ రెండిటికీ మధ్యలో ఎక్కడో పడుతుంది. మెదడు సర్దుబాటు చేసి 'ఒకటే' అనిపిస్తుంది, కానీ ఆ ఒక్కటి ఎడమ చెవి చెప్పిందీ కాదు, కుడి చెవి చెప్పిందీ కాదు. అందుకే "రెండూ పెట్టుకుంటే పాట ముద్దగా ఉంది, ఒకటి తీసేస్తే నయంగా ఉంది" అని ఎవరైనా అంటే కొట్టిపారేయకండి. వాళ్లు చెప్పేది నిజం.

కాలంతో సర్దుకుంటుందా అంటే, కొంత సర్దుకుంటుంది. మెదడుకి ఆ శక్తి ఉంది. 2007లో రైస్ సహచరులతో కలిసి ప్రచురించిన ఫలితాల్లో, ఒకే ఎలక్ట్రోడ్ ఇచ్చే పిచ్ నెలలు, ఏళ్లు గడిచేకొద్దీ కొందరిలో రెండు స్థాయిల దాకా జారి, దానికి కేటాయించిన ధ్వని పట్టీ వైపు వచ్చింది. మొదటి వారాల్లో "కీచుగొంతుతో రోబో మాట్లాడినట్టుంది" అన్నవాళ్లే ఆర్నెల్ల తర్వాత "ఇప్పుడు మామూలుగానే ఉంది" అనడం వెనుక ఉన్నది అదే. అయితే అందరిలోనూ ఇది జరగదు, జరిగినవాళ్లలోనూ పూర్తిగా జరగదు. ఏళ్ల తరబడి రెండూ వాడుతున్నా రెండు చెవుల పిచ్ కలవనివాళ్లు ఉన్నారు.

ఇంకొకటి. చెవుల వెనక పెట్టుకునే రెండు ప్రాసెసర్లూ పల్సులు పంపే సమయం ఒకదానితో ఒకటి ముడిపడి ఉండదు. ఏ క్షణాన ఏ ఎలక్ట్రోడ్లు మోగాలో ఎడమది వేరే, కుడిది వేరే తేల్చుకుంటాయి. అందువల్ల రెండు చెవుల మధ్య వచ్చే సూక్ష్మమైన కాలభేదం అందదు. శబ్దం ఎటునుంచి వస్తుందో వాళ్లకి తెలిసేది ప్రధానంగా ఏ చెవిలో గట్టిగా ఉంది అన్నదాన్ని బట్టే.

ఇంప్లాంట్ ఒకవైపు, హియరింగ్ ఎయిడ్ ఇంకోవైపు

దీన్ని బైమోడల్ అంటారు. పిచ్ విషయంలో నేను ఎక్కువ విలువ ఇచ్చే దారి ఇది, ఒక షరతు మీద: ఆ చెవిలో తగ్గు ధ్వనులు వినాలి.

ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష గ్రాఫు, తీసుకోండి. ఎడమ చివర 250, 500 హెర్ట్జ్ దగ్గర గుర్తులు ఎక్కడున్నాయో చూడండి. అవి 60 డెసిబెల్ చుట్టుపక్కల ఉంటే ఆ చెవి బంగారం. 70, 75 దగ్గర ఉన్నా ప్రయత్నించాల్సిందే. 90 దాటితే ఆశ తగ్గుతుంది. పై ధ్వనుల దగ్గర గీత పూర్తిగా పడిపోయి ఉన్నా ఫరవాలేదు, వాటిని ఇంప్లాంట్ చూసుకుంటుంది. ఇందాకటి లెక్క గుర్తుందా? ఐదో శ్రుతిలో స నుంచి పై స వరకు మొత్తం 196 నుంచి 392 హెర్ట్జ్ లోపలే. 500 వరకు సహజంగా వినగలిగిన చెవికి ఆ స్థాయి మొత్తం, ప్రతి స్వరం మూల ధ్వనితో సహా, అసలైన కంపనంగా అందుతుంది. మాట్లాడే గొంతుల సంగతి కూడా అంతే. మగగొంతు మూల ధ్వని 100–120, ఆడగొంతు 200 పైన, పిల్లల గొంతు 250–300 దగ్గర ఉంటాయి.

2005లో కాంగ్, స్టిక్నీ, జెంగ్ ప్రచురించిన పరిశోధనలో ఆశ్చర్యపరిచే విషయం ఒకటుంది. హియరింగ్ ఎయిడ్ పెట్టిన చెవితో మాత్రమే వింటే వాళ్లకి మాటలు దాదాపు అర్థం కాలేదు. కానీ పదాలు లేని బాణీలను గుర్తుపట్టడంలో ఆ 'పనికిరాని' చెవే ఇంప్లాంట్ చెవి కన్నా మెరుగ్గా ఉంది. "ఆ చెవితో మాటే అర్థం కాదు, ఇక మిషన్ ఎందుకు" అని పక్కన పెట్టేసిన కుటుంబాలు ఎన్నో. దయచేసి ఆ మిషన్ తీసి మళ్లీ పెట్టించి చూడండి.

అయితే ఒక మాట న్యాయంగా చెప్పాలి. 2011లో హెలెన్ కలింగ్టన్, ఫాన్-గాంగ్ జెంగ్ బైమోడల్ వాళ్లనూ రెండు ఇంప్లాంట్లవాళ్లనూ పక్కపక్కన పెట్టి పోల్చారు. సంగీతం, గొంతులో భావం, మాట్లాడేది ఎవరు అన్నది, పక్కన ఇంకొకరు మాట్లాడుతుంటే మాట అర్థం కావడం, ఈ నాలుగింట్లోనూ రెండు గుంపుల మధ్య గట్టిగా చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. గుంపు లోపలే మనిషికీ మనిషికీ అంత తేడా ఉంది. కాబట్టి సగటు లెక్కలు చూసి నిర్ణయించుకోకండి. మీ పిల్లాడి ఆడియోగ్రామ్, మీ పిల్లాడు వింటున్న తీరు చూసి నిర్ణయించుకోండి.

ఈ దారిలో వెళ్లేవాళ్లు చేయించుకోవాల్సింది ఒకటుంది. ఇంప్లాంట్‌నీ హియరింగ్ ఎయిడ్‌నీ ఒకే సిట్టింగ్‌లో, కలిపి సరిచేయించండి. ఇంప్లాంట్ ఒకచోట, ఎయిడ్ ఇంకో షాపులో అయితే రెండిటి గట్టిదనం కలవదు. కాక్లియర్ వాళ్లకి హియరింగ్ ఎయిడ్ల కంపెనీ రీసౌండ్‌తో ఒప్పందం ఉంది, అడ్వాన్స్‌డ్ బయోనిక్స్, ఎయిడ్లు చేసే ఫొనాక్ రెండూ ఒకే సంస్థవి, జతగా పనిచేసే మోడళ్లు దొరుకుతాయి. కొత్త ఎయిడ్ కొనేముందు ఇది అడగండి.

రెండు వైపులా ఇంప్లాంట్లు

దీనివల్ల వచ్చే మేలు నిజమైనది, రోజూ కనిపించేది. మాట్లాడేవాళ్లు ఏ పక్కన ఉన్నా ఆ పక్క చెవి అందుకుంటుంది. శబ్దం వచ్చే దిక్కు తెలుస్తుంది, రోడ్డు దాటే పిల్లలకి అది ప్రాణంతో సమానం. ఒక ప్రాసెసర్ బ్యాటరీ అయిపోయినా, వైరు తెగినా రెండోది ఉంటుంది. పిచ్ విషయంలో మాత్రం లాభం తక్కువ. రెండు చెవుల్లో ఏది బాగా పిచ్ చెబుతుందో దాని స్థాయికి దగ్గరగా ఉంటుంది మొత్తం ఫలితం, తేడా ఎక్కువైతే దానికన్నా కాస్త కిందికీ పోవచ్చు. సంగీతం నిండుగా, రెండు వైపులా పరుచుకున్నట్టు ఉందని, వినడానికి హాయిగా ఉందని చెప్పేవాళ్లు చాలామంది. అదీ విలువైనదే, కానీ అది స్వరం తెలియడం కాదు.

పుట్టుకతోనే రెండు చెవులూ పూర్తిగా వినపడని పిల్లలకి నేను సందేహించకుండా రెండు ఇంప్లాంట్లే చెబుతాను, అదీ వీలైతే ఒకేసారి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2009 నుంచే పిల్లలకి రెండూ ఒకేసారి సిఫారసు చేస్తోంది. టొరంటోలో కరెన్ గోర్డన్, బ్లేక్ పాప్సిన్ ఏళ్ల తరబడి చేసిన పనిలో, ఒక్క చెవితోనే ఏడాదిన్నర దాటి పెరిగిన పిల్లల్లో మెదడు ఆ చెవి వైపే మొగ్గిపోతుందని, తర్వాత రెండోది పెట్టినా ఆ మొగ్గు పూర్తిగా పోవడం కష్టమని కనిపించింది. రెండు చెవుల పిచ్ ఒకదానికొకటి సర్దుకోవాలంటే రెండూ కలిసి పెరగాలి. మొదటి చెవికి ఒకటిన్నర ఏట చేయించి, రెండోదానికి పదో ఏట చేయిస్తే, ఆ రెండో చెవి చాలాకాలం అతిథిగానే ఉంటుంది.

తగ్గు ధ్వనులు మిగిలి ఉన్న చెవికి ఇంప్లాంట్ పెట్టేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించమంటాను. ఆపరేషన్‌లో ఆ మిగిలిన వినికిడి పోవచ్చు, పోతే తిరిగిరాదు. మాట అర్థం కావడం మరీ దిగజారి, ఎయిడ్‌తో ఎంత ప్రయత్నించినా లాభం లేకపోతే పెట్టించాల్సిందే. అప్పుడు కూడా మిగిలిన వినికిడిని కాపాడేలా సన్నని, మెత్తని తీగతో చేయగలరా అని సర్జన్‌ని అడగండి. అది నిలిస్తే అదే చెవిలో కింది ధ్వనులు ఎయిడ్‌తో, పై ధ్వనులు ఇంప్లాంట్‌తో వినిపించే ఏర్పాటూ ఉంది.

కంపెనీ, తీగ పొడవు, సాఫ్ట్‌వేర్

రెండో ఇంప్లాంట్ ఖాయమైతే మొదటిదాని కంపెనీనే తీసుకోవడం మేలు. పట్టీల అమరిక ఒకటే ఉంటుంది, రెండు చెవుల్నీ ఒకే తెర మీద పెట్టి సరిచేయవచ్చు, ఫోన్ శబ్దం రెండిటికీ ఒకేసారి వెళుతుంది. మొదటి చెవిలో ఏ మోడల్ తీగ ఎంత లోతు వెళ్లిందో రికార్డు తెప్పించుకుని సర్జన్ చేతిలో పెట్టండి. చాలామంది దగ్గర ఆ కాగితం ఉండదు.

తీగ పొడవు మీద కంపెనీల వాదనలు వేరు. మెడ్-ఎల్ 28, 31.5 మిల్లీమీటర్ల పొడవు తీగలతో చివరి చుట్ట దాకా వెళ్లాలంటుంది, తగ్గు ధ్వనులు వాటి సహజమైన చోటే మోగాలని. కాక్లియర్ పొట్టి తీగను నరాలకు దగ్గరగా హత్తుకునేలా పెడుతుంది, ఒక్కో ఎలక్ట్రోడ్ తక్కువ నరాలనే తాకాలని. రెండిట్లోనూ సత్తా ఉంది. పిచ్ ఒక్కదాన్నే కొలమానంగా తీసుకుంటే, లోతుగా వెళ్లే తీగ, కింది ఎలక్ట్రోడ్లలో సన్నని కంపనాల సమయాన్ని కొంతైనా పంపే మెడ్-ఎల్ వాళ్ల ఎఫ్ఎస్4 లాంటి పద్ధతి, ఈ జతకే నా మొగ్గు. దాని పట్టీలు 70–100 హెర్ట్జ్ దగ్గర నుంచే మొదలవుతాయి. అడ్వాన్స్‌డ్ బయోనిక్స్ వాళ్ల 120 ఛానెళ్ల పద్ధతి పక్కపక్క ఎలక్ట్రోడ్ల మధ్య కరెంటు పంచి మధ్య పిచ్‌లు పుట్టిస్తుంది. వినడానికి పెద్ద అంకె. అన్నీ విడిగా వినిపించవు. ఇవేవీ చెడ్డ ఎంపికలు కావు. నిజానికి కంపెనీ కన్నా మీ ఊరికి దగ్గరలో ఆ కంపెనీ మ్యాపింగ్ బాగా తెలిసిన మనిషి ఉన్నారా అన్నది ఎక్కువ ముఖ్యం.

ఇప్పటికే రెండూ ఉన్నవాళ్లు ఏం చేయవచ్చు

మ్యాపింగ్ గదిలో సాధారణంగా ఒక చెవి పూర్తిచేసి ఇంకో చెవికి వెళతారు. మీరు అడగాల్సింది పిచ్ మ్యాచింగ్. ఎడమ చెవిలో ఒక ఎలక్ట్రోడ్ మోగించి, వెంటనే కుడి చెవిలో ఒకటి మోగించి, ఏది సన్నగా ఉంది, ఏది బొంగురుగా ఉంది అని అడుగుతారు. దీనికి ముందు రెండిటి గట్టిదనం సమానం చేయాలి. ఇదే కీలకం. గట్టిగా ఉన్నదాన్ని 'పైది' అనుకోవడం పెద్దవాళ్లకీ మామూలే, పిల్లలకి మరీను. ఆరేళ్ల పిల్లాడు "ఇది పెద్దది" అంటే గట్టిగా ఉందని అన్నాడో, గొంతు లావుగా ఉందని అన్నాడో తెలియదు. అందుకే నేను ముందు నోటితో ఏనుగు గొంతు, పిట్ట గొంతు చేసి చూపించి, ఆ రెండు బొమ్మల్లో ఒకటి ముట్టుకోమంటాను. అప్పుడు జవాబులు నిలకడగా వస్తాయి. ఓపిక కావాలి, ఒకే పూటలో అవ్వదు.

తేడా తేలితే ఏం చేస్తారు? ఒక చెవి పట్టీలను కాస్త జరపవచ్చు. సీటీ స్కాన్ చూసి ఒక్కో ఎలక్ట్రోడ్ ఏ చోట ఉందో లెక్కగట్టి దానికి తగ్గ పట్టీ ఇచ్చే పద్ధతి కూడా ఇప్పుడు వచ్చింది. అలవాటైన మ్యాప్‌ని ఒక్కసారిగా మార్చితే కొన్నాళ్లు మాటలు కూడా తికమక అవుతాయి. అందుకే పాత మ్యాప్‌ని ఒక ప్రోగ్రామ్‌లో ఉంచుకుని, కొత్తదాన్ని ఇంకో ప్రోగ్రామ్‌లో పెట్టించుకోండి. పరీక్షలు దగ్గరపడ్డ పిల్లలకైతే సెలవుల్లో చేయించండి.

సంగీతానికి విడిగా ఒక ప్రోగ్రామ్ తప్పకుండా అడగండి. ప్రాసెసర్లలో రొదను తగ్గించే ఏర్పాటు ఉంటుంది, ఆగకుండా ఒకేలా మోగేదాన్ని అది రొద అనుకుని నొక్కేస్తుంది. తంబురా, శ్రుతిపెట్టె చేసేది అచ్చంగా అదే పని. పాపం, శ్రుతి కోసం పెట్టిన తంబురానే మిషన్ తగ్గించేస్తుంటే పిల్లకి శ్రుతి ఎలా నిలుస్తుంది? ఆ ప్రోగ్రామ్‌లో రొద తగ్గించేది ఆపేయించండి.

ఇంట్లో చూసుకునే పద్ధతి

కీబోర్డు గానీ హార్మోనియం గానీ చాలు. ఫోన్ స్పీకర్ మీద మాత్రం పరీక్షించకండి. ఆ చిన్న స్పీకర్‌లోంచి 300 హెర్ట్జ్ లోపు ధ్వని సరిగ్గా రానే రాదు, బైమోడల్ పిల్లాడి ఎయిడ్ చెవికి వినపడాల్సింది ఆ కింది ధ్వనే. పెద్ద స్పీకర్ వాడండి.

ముందు స, పై స వాయించి "పైకి వెళ్లిందా, కిందికి వచ్చిందా" అని అడగండి. తర్వాత స–ప, ఆ తర్వాత స–గ, చివరికి స–రి. ఒకే బలంతో నొక్కండి, మొహం కనపడకుండా కూర్చోండి, పైకి కిందికి కలగాపులగంగా మార్చండి. ఎడమ చెవితో ఒకసారి, కుడి చెవితో ఒకసారి, రెండూ పెట్టి ఒకసారి. మూడూ కాగితం మీద రాసుకోండి. రెండూ పెట్టినప్పటి ఫలితం ఒక్క చెవి కన్నా తగ్గిందంటే, ఆ కాగితం పట్టుకుని మ్యాపింగ్‌కి వెళ్లండి. అంతకన్నా మంచి ఆధారం మీరు తీసుకెళ్లలేరు.

ఊరికే "ఎలా ఉంది, బాగుందా" అని అడిగితే పిల్లలు బాగుందనే అంటారు.

పాట నేర్పించాలనుకుంటే

నేర్పించండి. లయ దాదాపు మామూలుగానే అందుతుంది. ఆది తాళం వేయడంలో ఈ పిల్లలు ఎవరికీ తీసిపోరు, మృదంగం అయితే ఇంకా మేలు. స్వరాల దగ్గర మాత్రం సంప్రదాయంగా మొదలుపెట్టే మాయామాళవగౌళ వీళ్లకి కష్టమైన చోటు. అందులో స–రి, గ–మ, ప–ద, ని–స నాలుగు చోట్ల ఒక్కో సెమిటోనే తేడా. మోహనలో పక్కపక్క స్వరాల మధ్య ఎక్కడా రెండు సెమిటోన్ల కన్నా తక్కువ లేదు, రెండు చోట్ల మూడున్నాయి. అందుకని టీచరుగారిని బతిమాలైనా మోహనతో మొదలుపెట్టించమని చెబుతుంటాను. గమకం తర్వాత సంగతి, ముందు స్వరం నిలబెట్టి పాడటం రావాలి. ఒక్క గొంతు, ఒక్క వాద్యం. వయొలిన్, మృదంగం, గొంతు అన్నీ కలిస్తే మొదట్లో ముద్దైపోతుంది.

పుట్టుకతో వినపడని పిల్లలకి 'పాట అసలు ఇలా ఉండాలి' అన్న జ్ఞాపకం ఉండదు కాబట్టి, తమకు అందిన దాన్ని సంతోషంగానే వింటారు. నడివయసులో వినికిడి పోయి ఇంప్లాంట్ పెట్టించుకున్న పెద్దవాళ్లకే ఎక్కువ బాధ. బాగా తెలిసిన పాటలు, సాహిత్యం చేతిలో పెట్టుకుని వింటే జ్ఞాపకం సాయపడుతుంది. రోజూ కాసేపు, నెలల తరబడి వినాలి.

మాటల విషయంలో తెలుగువాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. చైనా వాళ్ల భాషలో పిచ్ మారితే పదం అర్థమే మారిపోతుంది, అక్కడ ఇంప్లాంట్ వాళ్ల కష్టం ఎక్కువ. మనకి "వచ్చాడు", "వచ్చాడా" అన్నప్పుడు ప్రశ్న చివరి అక్షరంలోనే ఉంది, పిచ్ తెలియకపోయినా దొరికిపోతుంది. కానీ "ఆహా, చాలా బాగా చేశావు" అన్నది మెచ్చుకోలో వెటకారమో గొంతే చెప్పాలి. బడిలో పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు. టీచర్లకి ఈ ఒక్క విషయం చెప్పి ఉంచండి.

ఖర్చు సంగతి

ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ), దివ్యాంగులకు పరికరాలిచ్చే కేంద్రం ఎడిఐపి పథకాల కింద పిల్లలకి ఇంప్లాంట్లు వస్తున్నాయి. వయసు పరిమితి, ఎన్ని చెవులకి ఇస్తారు అన్నవి మారుతూ ఉంటాయి కాబట్టి నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రని కలిసి ఇప్పటి నిబంధన అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రంలో కూడా వివరాలు దొరుకుతాయి. చాలా ఇళ్లలో మొదటి చెవి పథకంలో అయిపోతుంది, రెండోది సొంత డబ్బుతో. ఆపరేషన్ ఖర్చు ఒక్కటే లెక్క వేసుకోకండి. వారంటీ అయిపోయాక వైర్లు, కాయిల్, బ్యాటరీలు, కొన్నేళ్లకి ప్రాసెసర్ మార్పిడి, అన్నీ రెండింతలు అవుతాయి. అప్పు చేసి రెండోది పెట్టించి, తర్వాత వైరు కొనలేక ఆ చెవిని మూలన పెట్టిన ఇళ్లు నేను చూశాను. అంతకన్నా, తగ్గు ధ్వనులు మిగిలిన చెవికి మంచి ఎయిడ్ పెట్టి, మిగిలిన డబ్బు థెరపీకి వాడటం మేలు.

ఆపరేషన్‌కి తేదీ తీసుకునేముందు, ఆ చెవికి సరిగ్గా అమర్చిన ఎయిడ్‌తో కనీసం మూడు నెలలు, రోజంతా, ఇంప్లాంట్‌తో కలిపి వాడి చూడండి. ఆ మూడు నెలల మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి పైన చెప్పిన స–ప, స–గ పరీక్ష చేసి, రెండు కాగితాలూ మీ ఆడియాలజిస్టుకి, సర్జన్‌కి కలిపి చూపించండి.